ఫోన్ చెల్లింపుల పేరుతో వచ్చే దొంగ భద్రతా సందేశాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

వారానికి ఒకరిద్దరైనా స్క్రీన్‌షాట్ పంపి ‘ఇది నిజమైనదేనా?’ అని అడుగుతుంటారు. మనుషులు మారతారు, అనుమానాలు మాత్రం అవే. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు రాసే ఓపిక తగ్గి అన్నీ ఇక్కడ ఒకచోట చేర్చాను. మీరు ఏ దశలో ఉంటే ఆ ప్రశ్నకే నేరుగా వెళ్లండి. డబ్బు ఇప్పుడే పోయి ఉంటే ‘పొరపాటు జరిగిపోయాక’ అన్న భాగం తెరవండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

## సందేశం గురించి మొదటి అనుమానాలు

ఈ దొంగ సందేశం ఎలా ఉంటుంది? ఒకటి చూపించండి.

నమూనాగా ఇది చూడండి: ‘మీ చెల్లింపు ఖాతా నుంచి రాత్రి 2:14కు కొత్త ఫోన్‌లో లావాదేవీ ప్రయత్నం జరిగింది. భద్రత దృష్ట్యా ఖాతాను తాత్కాలికంగా నిలిపివేశాము. ఇది మీరు చేసినది కాకపోతే 30 నిమిషాల్లోగా ఈ నంబరుకు ఫోన్ చేయండి.’

ఇందులో డబ్బు అడగలేదు, పిన్ అడగలేదు. మిమ్మల్ని కాపాడుతున్నట్టే ఉంది. మీరు నిద్రలో ఉండే వేళ చూసి 2:14 అన్నారు. ఆ 14 కూడా లెక్క ప్రకారం వేసిందే, ‘రెండింటికి’ అంటే వట్టి మాటలా ఉంటుంది, నిమిషాలతో సహా చెబితే కంప్యూటర్ రాసిచ్చిన నివేదికలా కనిపిస్తుంది. ‘నిలిపివేశాము’ అనడంతో వాళ్లు మీ పక్షాన నిలబడ్డట్టయింది. ‘30 నిమిషాలు’ అన్నది మీరు ఇంకెవరినీ అడగకుండా ఉండటానికి. ఇక చివర ఇచ్చిన ఫోన్ నంబరు కోసమే మిగతా రాతంతా రాశారు. ఒక్క సందేశంతో ఎవరూ మీ డబ్బు తీసుకోలేరు. మిమ్మల్ని వాళ్ల గుమ్మం దాకా నడిపించడం వరకే దాని పని.

నా నంబరు వీళ్లకు ఎలా దొరికింది? నేను ఎవరికీ ఇవ్వలేదే!

చాలాసార్లు దొరకాల్సిన పనే లేదు. నంబర్లు వరసలో ఉంటాయి కాబట్టి కంప్యూటర్‌తో వేల నంబర్లు తయారు చేసి అన్నింటికీ ఒకే సందేశం వదులుతారు. కొన్నిసార్లు ఏదో కొనుగోలు వెబ్‌సైటు నుంచో, సేవా సంస్థ నుంచో బయటపడిన జాబితాలు చేతులు మారి వీళ్లకు చేరతాయి. నంబరు ఎలా తెలిసిందని తల పట్టుకోవడం వల్ల ప్రయోజనం లేదు.

నేను ఆ చెల్లింపు యాప్ వాడనే వాడను. నాకెందుకు పంపారు?

వాళ్లకు ఆ సంగతి తెలియదు. అందరికీ పంపితే వాడేవాళ్లు ఎలాగూ అందులో ఉంటారు. మీకు తేలిగ్గా పట్టుబడిందంటే ఆ పేరు మీది కాకపోవడం వల్లే. రేపు మీ బ్యాంకు పేరుతోనే, మీరు నిజంగా ఏదో కొన్న రోజే వస్తే ఇంత సులువుగా ఉండదు.

బ్యాంకు పంపిన పాత ఓటీపీల కిందే ఈ సందేశం కూడా వచ్చింది. అంటే బ్యాంకుదే కదా?

కాదు. అన్నిటికన్నా ఎక్కువ మందిని పడగొట్టే అపోహ ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మొదటి ఎస్సెమ్మెస్ వెళ్లింది 1992 డిసెంబరు 3న. ఆ రోజుల్లో దీని మీద డబ్బు లావాదేవీలు నడుస్తాయని ఎవరూ ఊహించలేదు. అందుకే పంపినవారి పేరును పరీక్షించే ఏర్పాటు ఆ పద్ధతిలోనే లేదు. సంస్థలు పంపే సందేశాల్లో నంబరుకు బదులు పేరు కనిపిస్తుంది కదా, ఆ పేరు పంపేవాళ్లు నింపే ఒక గడి మాత్రమే. ఉత్తరం కవరు మీద ‘పంపినవారు’ అన్నచోట ఎవరి పేరైనా రాయవచ్చు. ఇదీ అంతే. కొన్ని దేశాల్లో పేర్లను ముందే నమోదు చేసుకోవాలన్న నిబంధన ఉంది. దాని వల్ల బెడద తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు.

మీ ఫోను చేసేది ఇంకా అమాయకమైన పని. ఒకే పేరుతో వచ్చినవన్నీ ఒకే వరసలో పేర్చి పెడుతుంది. దొంగ కూడా అదే పేరు నింపితే అతని సందేశం నిన్నటి అసలు ఓటీపీ కిందకే వచ్చి చేరుతుంది. అక్కడ కనిపించినంత మాత్రాన ఎవరూ దాన్ని తనిఖీ చేసినట్టు కాదు.

నెట్‌వర్క్ కంపెనీలు వీటిని ఎందుకు ఆపలేకపోతున్నాయి?

చాలావాటిని ఆపుతున్నాయి, మనదాకా వచ్చేవి మిగిలినవే. అయితే వాటి కంట పడని దారులు రెండున్నాయి. ఐఫోన్‌లోని ఐమెసేజ్ వంటి సేవల్లో సందేశం గుప్తలిపిలో ప్రయాణిస్తుంది కాబట్టి లోపల ఏముందో మధ్యలో ఉన్న కంపెనీకి కనబడదు. మన ఏకాంతాన్ని కాపాడే ఏర్పాటే దొంగకూ అక్కరకొస్తోంది.

రెండోది మరీ విచిత్రం. పాత 2జీ పద్ధతిలో ఫోను తానెవరో టవరుకు రుజువు చేసుకుంటుంది కానీ టవరు తానెవరో ఫోనుకు రుజువు చేయదు. ఈ లోపాన్ని పట్టుకుని కారులో పట్టే చిన్న దొంగ టవరు పెట్టుకుని తిరుగుతూ చుట్టుపక్కల ఫోన్లన్నిటికీ నేరుగా సందేశాలు గుమ్మరిస్తారు. ఇలాంటి ఇంట్లో తయారుచేసిన పరికరంతో వేల సందేశాలు పంపారన్న అనుమానంతో 2024లో బ్రిటన్ పోలీసులు ఇద్దరిని అరెస్టు చేశారు. ఈ సందేశాలు అసలు నెట్‌వర్కులోకే రావు, ఇక కంపెనీ వడపోత వాటినేం చేస్తుంది?

## సందేశం చేతిలో ఉండగా

నిజమైన హెచ్చరికో కాదో తేల్చుకోవడం ఎలా?

సందేశాన్ని చూసి తేల్చుకోవాలనుకోకండి. ఏళ్ల తరబడి వీటిని చూస్తున్న నాకే కొన్ని అంతుపట్టవు. వచ్చిన దారిన వెనక్కి వెళ్లకుండా మీకు తెలిసిన దారిన వెళ్లండి. సందేశం మూసేసి, చెల్లింపు యాప్‌ను మీ ఫోన్‌లో ఎప్పటిలాగే తెరిచి లావాదేవీల జాబితా చూడండి. నిజంగా ఏదైనా జరిగి ఉంటే అక్కడ కనబడుతుంది. అప్పటికీ మనసు కుదుటపడకపోతే కార్డు వెనక అచ్చయిన నంబరుకు ఫోన్ చేయండి.

ఆ నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతకడం మాత్రం వద్దు. వెతుకులాటలో పైన కనిపించే ప్రకటనల్లో దొంగ ‘సహాయ కేంద్రం’ నంబర్లు ఉంటాయి. సందేశం నుంచి తప్పించుకుని అక్కడ చిక్కినవాళ్లు ఉన్నారు.

లింకు చూసి గుర్తుపట్టవచ్చా?

కొంతవరకు. చిరునామా మొదట్లో ‘https://’ ఉంటే దాన్ని వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు (/) ముందున్న భాగాన్ని కుడి నుంచి ఎడమకు చదవాలి. ఉదాహరణకు ‘మీబ్యాంకు.భద్రత-తనిఖీ.కామ్/లాగిన్’ అని ఉందనుకోండి. కళ్లు ముందుగా ‘మీబ్యాంకు’ మీద పడతాయి. అసలు యజమాని మాత్రం ‘కామ్’కు ఎడమ పక్కనే ఉన్న ‘భద్రత-తనిఖీ’. దానికి ముందు ఏ పేరైనా తగిలించుకునే స్వేచ్ఛ ఆ యజమానికి ఉంది. ఇంటిపేరు ఒకటైతే ముందు ఎవరి పేరు పెట్టుకున్నా ఆ ఇంటివాళ్లే అవుతారు కదా. కొన్ని చిరునామాల్లో చివర ‘కో.యూకే’ లాగా రెండు ముక్కలు ఉంటాయి, అప్పుడు ఆ రెండింటికీ ఎడమన ఉన్న పేరు చూడాలి.

కుదించిన లింకుల్లో ఇదేమీ కనబడదు. ఇతర లిపుల్లోని ఒకేలా ఉండే అక్షరాలతో అచ్చం అసలు పేరులాగే రాసే మాయ కూడా ఉంది. అందుకే లింకు చదవడం నేర్చుకోండి కానీ దాని మీదే ఆధారపడకండి.

పేజీలో తాళం గుర్తు ఉంది. అయినా అనుమానించాలా?

అనుమానించాలి. మీకూ ఆ పేజీకీ మధ్య సాగే సంభాషణను మూడో మనిషి వినలేడని మాత్రమే ఆ గుర్తు చెబుతుంది. అవతల ఉన్నది ఎవరో చెప్పదు. దానికి కావలసిన ధ్రువపత్రం ఎవరికైనా ఉచితంగా, నిమిషాల్లో దొరుకుతుంది.

తప్పుల్లేని చక్కని భాషలో వచ్చింది. దొంగలు తప్పులు రాస్తారంటారు కదా?

ఆ రోజులు పోయాయి. యంత్రం చేత రాయించుకునే వీలు వచ్చాక దొంగల భాషే బాగుంటోంది. అసలు బ్యాంకుల సందేశాలే ఒక్కోసారి అనువాదం వికటించి చదవలేకుండా ఉంటాయి.

సందేశంలో నా పేరు, కార్డు చివరి నాలుగు అంకెలు సరిగ్గా ఉన్నాయి. ఇక నమ్మవచ్చా?

చివరి నాలుగు అంకెలు రహస్యం కాదు. ప్రతి రసీదు మీదా అచ్చవుతాయి, ఎన్నో వెబ్‌సైట్లలో నిల్వ ఉంటాయి. పేరు, ఊరు, ఈమెయిలు కూడా అంతే. మీ వివరాలు వాళ్లకు తెలుసని మాత్రమే దీనితో తేలుతుంది, వాళ్లు బ్యాంకువాళ్లని కాదు.

‘ఇది మీరు చేసినదేనా? అవును లేదా కాదు అని పంపండి’ అన్నారు. ‘కాదు’ అని పంపితే తప్పేమిటి?

ఇక్కడ చిక్కుంది, ఎందుకంటే కొన్ని బ్యాంకులు నిజంగానే ఇలా అడుగుతాయి. అసలు బ్యాంకు అడిగేది అవును, కాదు వరకే ఉంటుంది. దొంగ సందేశమైతే మీరు ‘కాదు’ అన్న కాసేపటికే ‘మోసాల నివారణ విభాగం’ నుంచి ఫోన్ వస్తుంది. జవాబు ఇవ్వడం వల్ల వాళ్లకు రెండు సంగతులు తెలుస్తాయి: ఈ నంబరు వాడుకలో ఉంది, ఈ మనిషి కంగారులో ఉన్నారు. జవాబు పంపకుండా యాప్‌లోనే చూసుకుంటే ఏ నష్టమూ లేదు. నిజంగా మీది కాని లావాదేవీ ఉంటే అక్కడి నుంచే కార్డును నిలిపివేయవచ్చు.

లింకు తెరుచుకోవడం లేదు. ‘వై అని జవాబిచ్చి మళ్లీ తెరవండి’ అని రాసి ఉంది. అలా ఎందుకు అడుగుతున్నారు?

మీ చేతనే మీ తలుపు గడియ తీయించడానికి. ఐఫోన్‌లోని ఐమెసేజ్‌లో పరిచయం లేనివారు పంపిన లింకులు నొక్కినా తెరుచుకోవు. మీరు జవాబిచ్చినా, ఆ నంబరును కాంటాక్టుల్లో చేర్చుకున్నా ‘వీళ్లు తెలిసినవాళ్లే’ అనుకుని ఫోను ఆ అడ్డు తొలగిస్తుంది. ఏ నిజమైన సంస్థా మిమ్మల్ని ఇలా అడగదు.

సందేశం తెరిచి చదివాను. ఫోను హ్యాక్ అయిపోయినట్టేనా?

లేదు. ఈ రకం సందేశాలు చదివితే ఏమీ కాదు. స్క్రీన్‌షాట్ తీసుకుని, ఫిర్యాదు చేసి, తొలగించేయండి.

## ఫోన్‌లో మాట్లాడుతుండగా

వాళ్లే ఫోన్ చేశారు. చాలా మర్యాదగా మాట్లాడారు, నంబరు కూడా బ్యాంకుదే కనిపించింది. అయినా మోసమేనా?

తెర మీద కనిపించే నంబరును కూడా మార్చి చూపించవచ్చు. మర్యాద సంగతికొస్తే, అది వాళ్ల పనిముట్టు. అరిచే దొంగను అందరూ గుర్తుపడతారు. వీళ్లు ‘కంగారు పడకండి, నేను ఫోన్‌లోనే ఉంటాను’ అంటారు, వెనక కాల్ సెంటరు సందడి వినిపిస్తారు, మధ్యలో ‘మీ ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు సుమా’ అని హెచ్చరిస్తారు కూడా. ఆ మాటతో మనసు మెత్తబడుతుంది.

పరీక్ష ఒకటే: ‘నేను పెట్టేసి కార్డు మీదున్న నంబరుకు చేస్తాను’ అనండి. అసలు ఉద్యోగి ‘సరే’ అంటారు. దొంగ ‘పెట్టేస్తే ఖాతా ఖాళీ అవుతుంది’ అంటాడు. ఆ మాట చెవిన పడగానే పెట్టేయండి. అమర్యాద అని మొహమాటపడనక్కరలేదు.

ఓటీపీ అడగలేదు. సహాయం కోసం ఒక యాప్ పెట్టుకుని స్క్రీన్ చూపించమన్నారు, అంతే. అందులో ప్రమాదం ఏమిటి?

స్క్రీన్ చూపిస్తే ఓటీపీ అడగాల్సిన పని ఉండదు, వచ్చినప్పుడు మీతోపాటే చదువుకుంటారు. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ వంటివి మంచి పనిముట్లే, కార్యాలయాల్లో రోజూ వాడతారు. కానీ పరిచయం లేనివాళ్లు పెట్టుకోమంటే ఇంటి తాళాలు చేతికిచ్చినట్టే.

ఆండ్రాయిడ్ ఫోన్లలో ‘యాక్సెసిబిలిటీ’ అనే అనుమతి దీనికన్నా ప్రమాదకరం. చూపు సరిగా లేనివారి కోసం పెట్టిన సదుపాయం అది. దాన్ని పొందిన యాప్ తెర మీదున్నది చదవగలదు, మీ తరఫున మీటలు నొక్కగలదు. ఆండ్రాయిడ్ 13 నుంచి, యాప్ స్టోరు ద్వారా కాకుండా బయటి ఫైలుగా వచ్చిన యాప్ ఈ అనుమతి అడిగితే ఫోను అడ్డుపడుతుంది. అందుకే ఫోన్‌లో ఉన్న మనిషి ‘ఇప్పుడు సెట్టింగుల్లోకి వెళ్లండి, మూడు చుక్కలు నొక్కండి’ అంటూ దగ్గరుండి ఆ అడ్డును మీ చేతే తీయిస్తాడు.

మా డబ్బును ‘సురక్షిత ఖాతా’కు మార్చమన్నారు. అలాంటిది ఉంటుందా?

ఉండదు. మీ ఖాతాకు ప్రమాదం వస్తే బ్యాంకు దాన్ని స్తంభింపజేస్తుంది. ఇంకో ఖాతాకు పంపమని మిమ్మల్ని అడగదు.

డబ్బు వాపసు రావడానికి పిన్ కొట్టమన్నారు. కొట్టాలా?

వద్దు. పిన్ అంటే సంతకం. మన దగ్గరున్నది ఇవ్వడానికి సంతకం కావాలి, ఎవరో ఇచ్చేది పుచ్చుకోవడానికి ఎందుకు? చెల్లింపు తెర మీద పిన్ గడి కనిపించిందంటే డబ్బు మీ ఖాతా నుంచి బయటికి వెళ్లబోతోందని అర్థం.

‘ఖాతా ధ్రువీకరణ’ కోసం నక్షత్రం, అంకెలు, హాష్ కలిపి ఒక కోడ్ డయల్ చేయమన్నారు. చేశాను. ఏమవుతుంది?

చాలా జీఎస్ఎమ్ నెట్‌వర్కుల్లో నక్షత్రం తర్వాత 21 ఉన్న అలాంటి కోడ్ మీకు వచ్చే కాల్స్ అన్నింటినీ వేరే నంబరుకు మళ్లిస్తుంది. ఆ తర్వాత బ్యాంకు మీకు ఫోన్ చేసి కోడ్ చెబితే అది దొంగ చెవిలో పడుతుంది. *#21# డయల్ చేస్తే మళ్లింపు ఉందో లేదో తెలుస్తుంది, ##002# అన్ని మళ్లింపులనూ రద్దు చేస్తుంది. మీ నెట్‌వర్కులో ఇవి పనిచేయకపోతే ఫోన్ సెట్టింగుల్లోని కాల్ ఫార్వర్డింగ్‌లో చూడండి, లేదా కంపెనీ సహాయ కేంద్రాన్ని అడగండి.

## పొరపాటు జరిగిపోయాక

లింకు నొక్కాను కానీ ఏమీ నింపలేదు. ఇప్పుడేం చేయాలి?

పేజీ మూసేయండి. ఏదైనా ఫైలు దిగుమతి అయిందేమో చూసి, ఉంటే తెరవకుండా తొలగించండి. ఫోన్ సాఫ్ట్‌వేర్ పాతదైతే తాజా చేసుకోండి. చాలా సందర్భాల్లో ఇంతకు మించి భయపడనక్కరలేదు.

కార్డు వివరాలు, ఓటీపీ ఇచ్చేశాను. రెండు రోజులైనా డబ్బేమీ పోలేదు. గండం గడిచినట్టేనా?

గడవలేదు. ఈ ప్రశ్న అడిగేవాళ్ల గురించే నాకు ఎక్కువ బెంగ.

ఫోన్ వాలెట్లలో (కార్డు తీయకుండా ఫోన్‌తోనే చెల్లించే యాప్‌లలో) కార్డు చేర్చినప్పుడు అసలు కార్డు నంబరు దుకాణాలకు వెళ్లదు. దాని స్థానంలో ఆ ఫోనుకే ప్రత్యేకమైన మారు నంబరు ఒకటి పుడుతుంది. 2014లో యాపిల్ పే వచ్చినప్పటి నుంచీ ఉన్న పద్ధతి ఇది, చాలా భద్రమైనది కూడా. కానీ కార్డును ఫోన్‌లో చేర్చే ఆ ఒక్క క్షణంలో, చేరుస్తున్నది యజమానేనా అని తేల్చుకోవడానికి బ్యాంకు ఎక్కువగా ఓటీపీ మీదే ఆధారపడుతుంది. మీరు ‘లావాదేవీ రద్దు’ కోసమనుకుని నింపిన ఓటీపీ నిజానికి మీ కార్డును దొంగ ఫోన్‌లోకి ఎక్కించడానికి వచ్చినది కావచ్చు. ఆ ఓటీపీ సందేశాన్ని మళ్లీ తెరిచి మొత్తం చదవండి. ‘వాలెట్‌లో కార్డు చేర్చేందుకు’ అన్న మాట అందులో ఉండే అవకాశం ఉంది. కంగారులో అంకెలు చూస్తాం, మాటలు చూడం.

అలా ఎక్కించుకున్న కార్డును వెంటనే వాడరు. మీరు మరిచిపోయే దాకా ఆగుతారు, లేదా ఫోన్‌ను ఇంకొకరికి అమ్మేస్తారు. అందుకే బ్యాంకుకు ఫోన్ చేసినప్పుడు ‘కార్డు మార్చండి’ అని ఊరుకోకండి. ‘ఈ కార్డు ఏయే ఫోన్ల వాలెట్లలో చేరి ఉందో చూసి, నావి కానివన్నీ తొలగించండి’ అని ఈ మాటల్లోనే అడగండి. కొన్నిచోట్ల కార్డు మార్చినా పాత మారు నంబరు కొత్త కార్డుకు దానంతటదే అతుక్కుంటుంది.

వాళ్లు చెప్పిన యాప్ పెట్టుకున్నాను. తీసేస్తే సరిపోతుందా?

ముందు ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి వైఫై కూడా ఆపండి. అవతలివాళ్ల పట్టు అప్పటికి తెగుతుంది. తర్వాత వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా స్తంభింపజేయించండి, పాస్‌వర్డులు కూడా ఆ రెండో పరికరం నుంచే మార్చండి. యాప్ తీసేయబోతే మొరాయిస్తుంటే దానికి పరికర నిర్వాహక (డివైస్ అడ్మిన్) అనుమతి, అంటే తనను తీసేయనివ్వని అధికారం, ఇచ్చి ఉంటారు, ముందు దాన్ని రద్దు చేయాలి. బయటి ఫైలుగా వచ్చిన యాప్ అయితే నా సలహా ఒకటే: ఫోటోలు భద్రపరచుకుని ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఒక పూట శ్రమ, కానీ తర్వాత నిద్ర పడుతుంది.

డబ్బు పోయింది. మొదటి గంటలో ఏం చేయాలి?

మొదట బ్యాంకు, తర్వాత పోలీసు, చివర బంధువులు. చాలామంది ఈ వరసను తిరగేస్తారు. డబ్బు ఖాతా నుంచి ఖాతాకు దూకుతూ పోతుంది. మధ్యలో ఎక్కడో ఆగి ఉండగానే పట్టుకోగలిగితేనే తిరిగి వచ్చే ఆశ. బ్యాంకుకు ఫోన్ చేసి లావాదేవీ సంఖ్య చెప్పి, ఫిర్యాదు సంఖ్య రాసుకోండి. ఏ నిమిషంలో చెప్పారన్నది తర్వాత చాలా ముఖ్యమవుతుంది. సందేశం, కాల్ వివరాలు, చెల్లింపు తెర, అన్నింటికీ స్క్రీన్‌షాట్లు తీయండి. సిగ్గుతోనో కోపంతోనో ఏదీ తొలగించకండి.

ఫిర్యాదు నంబర్లు దేశాన్ని బట్టి ఉంటాయి. భారతదేశంలో సైబర్ నేరాలకు 1930. బ్రిటన్‌లో 159కి చేస్తే చాలా బ్యాంకులకు నేరుగా కలుపుతారు. అమెరికా, బ్రిటన్‌లలో దొంగ సందేశాన్ని 7726కు పంపవచ్చు. పాత ఫోన్ మీటల మీద ఇంగ్లిషులో ‘స్పామ్’ అని నొక్కితే వచ్చే అంకెలే అవి.

ఉన్నట్టుండి ఫోన్‌లో సిగ్నల్ పోయింది. దీనికీ మోసానికీ సంబంధం ఉందా?

ఉండవచ్చు. మీ చుట్టూ ఉన్నవాళ్లకు సిగ్నల్ ఉండి మీకు మాత్రం పూర్తిగా పోతే, మీ నంబరును ఎవరో వేరే సిమ్‌కు మార్పించుకున్నారేమో అనుమానించాలి. ఇంకొకరి ఫోన్ నుంచి ముందు నెట్‌వర్క్ కంపెనీకి, వెంటనే బ్యాంకుకు చెప్పండి. రేపు చూద్దాం అనుకోవద్దు, ఓటీపీలన్నీ ఇప్పుడు అక్కడికే వెళుతుంటాయి.

బ్యాంకు నా డబ్బు తిరిగి ఇస్తుందా?

దేశం, జరిగిన తీరు, మీరు చెప్పిన వేళ, మూడింటి మీదా ఆధారపడుతుంది. బ్రిటన్‌లో మోసగాడి మాట నమ్మి మీరే పంపినా, 2024 అక్టోబరు 7 నుంచి కొన్ని షరతులతో 85,000 పౌండ్ల వరకు తిరిగి ఇవ్వాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. అమెరికాలో మీ అనుమతి లేకుండా ఖాతా నుంచి డబ్బు పోతే, తెలిసిన రెండు పనిదినాల్లో చెప్పినవారి బాధ్యత 50 డాలర్లకు మించదు. ఆలస్యమైతే అది 500 దాకా, ఇంకా ఆలస్యమైతే అంతకు మించి పెరుగుతుంది. మీరే పంపిన డబ్బుకు మాత్రం ఈ రక్షణ సాధారణంగా వర్తించదు. భారత రిజర్వ్ బ్యాంకు 2017 ఆదేశాల్లో, పిన్ వంటివి ఖాతాదారే ఇతరులకు ఇచ్చి ఉంటే బ్యాంకుకు తెలిపేదాకా జరిగిన నష్టం ఖాతాదారుదే, తెలిపాక జరిగినది బ్యాంకుదే.

మూడు దేశాల్లోనూ గడియారం మీరు చెప్పిన క్షణం నుంచే మీ వైపు తిరుగుతుంది. బ్యాంకు మొదట ‘కుదరదు’ అంటే అక్కడితో వదిలేయకండి. రాతపూర్వకంగా కారణం అడిగి పై అంచెకు వెళ్లండి.

‘మీ పోయిన డబ్బు రప్పిస్తాం’ అని ఎవరో ఫోన్ చేశారు. నమ్మవచ్చా?

వద్దు. ఒకసారి మోసపోయినవారి పేర్ల జాబితా ఈ రంగంలో మంచి ధరకు అమ్ముడవుతుంది. ఫోన్ చేసినది ఆ మొదటి ముఠాయే అయినా ఆశ్చర్యం లేదు. ముందుగా రుసుము అడిగారంటే మాట్లాడే పనే లేదు.

## మళ్లీ జరగకుండా, ఇంట్లోవాళ్ల కోసం

ఫోన్‌లో ఏయే సెట్టింగులు మార్చుకోవాలి?

తెలియనివారి సందేశాలను వేరే వరసలోకి నెట్టే సదుపాయం వాడుకోండి. ప్రతి లావాదేవీకీ యాప్ నుంచే నోటిఫికేషన్ వచ్చేలా పెట్టుకోండి. అప్పుడు ఎస్సెమ్మెస్‌లో వచ్చిన బెదిరింపు నిజమో కాదో పోల్చి చూసుకోవడానికి చేతిలో ఒక ఆధారం ఉంటుంది. రోజువారీ పరిమితి మీ అవసరానికి సరిపడా తగ్గించండి. 2జీ అక్కరలేని చోట ఉంటే ఆండ్రాయిడ్ 12, ఆ తర్వాతి ఫోన్లలో చాలావాటిలో దాన్ని ఆపేసే వీలుంది, అత్యవసర కాల్స్‌కు ఇబ్బంది ఉండదు. సిమ్‌కు పిన్ పెట్టుకోవడం కూడా మంచిదే.

పాస్‌కీ అంటున్నారు. ఓటీపీ కన్నా మెరుగా?

చాలా మెరుగు. ఓటీపీ ఎవరు ఎక్కడ నింపినా పనిచేస్తుంది, దాని లోపమంతా అదే. పాస్‌కీ అంటే పాస్‌వర్డ్‌కు బదులు మీ పరికరంలో ఉండే, వేలిముద్రతోనో ముఖంతోనో తెరుచుకునే డిజిటల్ తాళంచెవి. అది తాను పుట్టిన వెబ్‌సైటు చిరునామాకే పలుకుతుంది. దొంగ పేజీ ఎంత అచ్చుగుద్దినట్టున్నా చిరునామా వేరు కాబట్టి ఉలకదు, పలకదు. పాస్‌వర్డ్ మేనేజర్ (పాస్‌వర్డులు గుర్తుపెట్టుకుని తానే నింపే యాప్) కూడా ఇలాంటి సాయమే చేస్తుంది. ఒకసారి ఆసుపత్రి వరసలో నిలబడి సగం పరధ్యానంలో ఇలాంటి సందేశంలోని లింకు తెరిచాను. పేజీ మీద నాకు ఏ అనుమానమూ రాలేదు. రోజూ తనంతట తాను నిండే పాస్‌వర్డ్ గడి ఆ రోజు ఖాళీగా ఉండిపోయింది. అప్పుడు గానీ చిరునామా వైపు చూడలేదు.

అమ్మానాన్నలకు ఎలా చెప్పాలి? ఎంత చెప్పినా మరిచిపోతున్నారు.

పది జాగ్రత్తలు చెబితే పదీ మరిచిపోతారు. ‘డబ్బు గురించి ఏ సందేశం వచ్చినా, ఏం చేసే ముందైనా నాకు ఫోన్ చేయండి’ అన్న ఒక్క మాట చెప్పండి. ఆ తర్వాతి భాగం మీది: పనిలో ఉన్నా ఎత్తాలి, విసుక్కోకూడదు. ‘ఇంత చిన్న విషయానికా’ అని ఒక్కసారి అన్నారంటే రెండోసారి మిమ్మల్ని అడగరు.

బ్యాంకు నంబరును పెద్ద అక్షరాలతో రాసి ఫోన్ కవరు వెనక అతికించండి. మీ గొంతును అనుకరించి డబ్బు అడిగే మోసాలు కూడా వస్తున్నాయి కాబట్టి ఇంట్లోవాళ్లకు మాత్రమే తెలిసిన ఒక మాటను గుర్తుగా పెట్టుకోండి.

మోసపోయానని ఇంట్లో చెప్పడానికి మొహం చెల్లడం లేదు. చెప్పకుండా సర్దుకోవచ్చా?

ఆ మొహమాటం మీదే వాళ్ల వ్యాపారం సగం నడుస్తుంది. మీ ఎదుట కూర్చున్నది పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే పని చేసే ముఠా. మీరు వేరే పనిలో ఉండగా ఒక్క నిమిషం దొరికారు. నాకు స్క్రీన్‌షాట్లు పంపేవాళ్లలో లెక్కలు చూసేవాళ్లున్నారు, కంప్యూటర్ ఉద్యోగులున్నారు. ముందు బ్యాంకుకు చెప్పండి, వాళ్లు మిమ్మల్ని జడ్జిలా చూడరు, వివరాలు రాసుకుంటారు. ఇంట్లో చెప్పడానికి మాటలు దొరక్కపోతే ఆ సందేశం స్క్రీన్‌షాట్ పంపి ‘ఇది నమ్మాను’ అని రాయండి.